సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి, హారర్ మాత్రం వదల్లేను. ఎందుకిలా?

అర్ధరాత్రి పాఠకురాలు:

రక్తపరీక్షకి చెయ్యి చాపి తల పక్కకి తిప్పేసుకునే రకం నేను. వార్తల్లో ప్రమాద దృశ్యాలొస్తే ఛానెల్ మార్చేస్తా. అలాంటిదాన్ని పడుకునే ముందు ఫోన్లో వెతికి మరీ చదివేది దెయ్యాల కథలు, పాడుబడ్డ ఇళ్ళ నవలలు! చదివాక బాత్రూమ్‌కి వెళ్ళాలంటే మా ఆయన్ని లేపుతా. "అంత భయమైతే చదవడం ఎందుకు?" అంటారాయన. నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి. కథ అయిపోగానే రాసిన మనిషి గురించి ఆరా మొదలుపెడతా. పిల్లలున్నారా, రాత్రిళ్ళు నిద్రపోతారా, చిన్నప్పుడు ఏమైనా జరిగిందా అని. ప్రేమకథలు రాసేవాళ్ళ గురించి నాకెప్పుడూ ఈ కుతూహలం పుట్టలేదు. నాకొక్కదానికేనా ఇది? దయచేసి "అడ్రినలిన్" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అది నేనూ చదివాను.

గొంతు అరువిచ్చేవాడు:

ఆడియో పుస్తకాలు చదవడం నా వృత్తి అండీ. వాటిలో హారర్ చాలానే ఉంటుంది. రికార్డింగ్ అప్పుడు సౌండ్ చూసే అతను అద్దం అవతలనుంచి "కొంచెం నెమ్మదిగా" అంటుంటాడు. అతనలా అనేది దెయ్యం కనబడ్డ చోట కాదు. మెట్లెక్కుతున్న చోట, పై గదిలో చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయిన చోట, చెయ్యి గడియ మీద పడ్డ చోట. తలుపు తెరుచుకున్నాక పేజీ గబగబా లాగించేయొచ్చు. వినేవాళ్ళు నాకు రాసేదీ ఆ మెట్ల గురించే. లోపలున్న ఆకారానికి ఎన్ని కోరలో ఎవరికీ గుర్తుండదు.

భయం నవలలు రాసిన ఇంగ్లిష్ రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకుంది. ఆవిడ పోయాక, 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో భయాన్ని రెండుగా విడదీసింది. ఏం రాబోతోందో తెలియని భయం మనసుని విప్పార్చి మనలోని శక్తులన్నిటినీ మేల్కొలుపుతుందట. కళ్ళెదుట పడ్డ ఘోరం వాటిని ముడిచేసి గడ్డకట్టిస్తుందట. మీరు సూది దగ్గర తల తిప్పుకునేది ఈ రెండోదాన్నుంచి. రాత్రి వెతుక్కునేది మొదటిదాన్ని. ఇందులో నాకైతే తిరకాసేమీ కనబడలేదు.

పైగా మోతాదు మీ చేతిలో ఉంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక భూత్ బంగళా ప్రదర్శనకి వచ్చిన 110 మంది గుండె వేగం కొలిచారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. భయం మరీ తక్కువైనా సరదా లేదు, మరీ ఎక్కువైనా లేదు, నడిమధ్యన ఎక్కడో బాగా ఉంది. పుస్తకంలో ఆ నడిమధ్యని పాఠకుడే వెతుక్కుంటాడు. ఎక్కువైతే రెండు పేరాలు దాటేస్తాడు, చాలకపోతే గదిలో లైటు ఆర్పేస్తాడు.

ఇక రచయితల మీద ఆరా. నేనూ చేస్తాను, నాకది పనిలో భాగం కూడా. రాడ్‌క్లిఫ్ 1797 తర్వాత కొత్త నవలలు వెయ్యడం మానేస్తే, తన కథలు తనకే తలకెక్కి పిచ్చిదైపోయిందని పుకారు లేచింది. ఆవిడేమో భర్తతో నిమ్మళంగా ఊళ్ళు చూస్తూ కాపురం చేసుకుంటోంది! ఇంత చీకటి రాసిన మనిషికి ఏదో ఒకటి అయి ఉండాలని జనానికి గట్టిగా అనిపిస్తుంది మరి.

'ఫ్రాంకెన్‌స్టైన్' రాసిన మేరీ షెల్లీకి నిజంగానే అయింది. ఆమె పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయింది. 1815లో ఆమెకి నెలలు నిండకుండా పుట్టిన పాప పోయింది. పాప ఒళ్ళు చల్లబడిందంతే, నిప్పు దగ్గర పెట్టి రుద్దితే మళ్ళీ బతికింది అని కలొచ్చినట్టు డైరీలో రాసుకుంది. మరుసటి ఏడాది, 18 ఏళ్ళ వయసులో, మృతదేహాల భాగాలు కూర్చి ప్రాణం పోసే శాస్త్రవేత్త కథ మొదలుపెట్టింది. ఆ డైరీ సంగతి తెలిశాక, ఆ ప్రాణి కళ్ళు తెరిచే పేజీ దగ్గర నా గొంతు మామూలుగా ఉండదు. రాసినవాళ్ళని మనం వెతికేది, ఆ భయం ఊరికే అల్లింది కాదని రూఢి చేసుకోవడానికేమో.

కుండబద్దలు:

బాగా చెప్పారు గానీ మనుషుల్ని మరీ మంచివాళ్ళని చేసేశారు. 1948లో షర్లీ జాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఒక కథ రాసింది. ఒక పల్లెలో ఏటా చీటీలు తీస్తారు, నల్లచుక్క ఉన్న చీటీ వచ్చిన మనిషిని రాళ్ళతో కొట్టి చంపుతారు. ఆ వేసవిలో ఆమెకి 300కి పైగా ఉత్తరాలొచ్చాయి. తిట్లూ అయోమయమూ సరే, కొందరైతే ఆ చీటీలు ఎక్కడ తీస్తారు, వెళ్ళి చూడొచ్చా అని అడిగారు! ఈ ఉత్తరాల సంగతి తర్వాత ఒక ఉపన్యాసంలో ఆమే చెప్పింది. జనానికి చూడాలని ఉంటుంది. అంతే. దానికి శక్తులు మేల్కోవడం అని పట్టుబట్ట కప్పడం ఎందుకు?

పాత పుస్తకాల మేస్టారు:

కుండబద్దలు గారూ, చూడాలని ఉండటం నిజమే. ఏం చూస్తామన్నది అడగాలి. శాకుంతలం మొదటి అంకంలో రథం ముందు పరిగెత్తే లేడి ఉంది కదా. మెడ అందంగా వంచి వెనక్కి చూస్తూ, బాణం పడుతుందేమోనని వెనక భాగాన్ని ముందుకి ముడుచుకుంటూ, ఆయాసంతో తెరుచుకున్న నోట్లోంచి సగం నమిలిన దర్భలు దారంతా రాల్చుకుంటూ పోతుంది. సుమారు వెయ్యేళ్ళ కిందట కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ భయానక రసానికి ఈ శ్లోకమే ఎత్తుకున్నాడు. ఆయన చెప్పేదేమిటంటే, ఆ భయం ఫలానా లేడిది కాదు, చూస్తున్న నాదీ కాదు, ఆ రోజుదీ ఆ అడవిదీ కాదు. ఎవరిదీ కాని భయం. అందుకే దాన్ని రుచి చూడగలుగుతున్నాం. బాణం వేసేవాడు మనవైపు తిరిగితే ఇక రుచేముంది, పరుగే.

అర్ధరాత్రి పాఠకురాలు:

మేస్టారూ, లేడి బొమ్మ కట్టేసింది కళ్ళకి. కానీ ఎవరిదీ కాని భయమైతే పుస్తకం మూసేశాక నా వెంట ఎందుకొస్తోంది?

పాత పుస్తకాల మేస్టారు:

అప్పుడది రసం కాదమ్మా, మామూలు భయమే. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయినవాడికి రసం అందదని, అదొక విఘ్నమని కూడా అభినవగుప్తుడే అన్నాడు. కథలో ఉన్నంతసేపూ మీరు ప్రేక్షకురాలు. కథ వదిలేసరికి మీ ఇల్లు, మీ చీకటి.

నైట్ డ్యూటీ:

నేను ఐసీయూలో నర్సుని. దెయ్యాల కథలు ఎన్నైనా చదువుతా, ఆసుపత్రిలో జరిగే హారర్ మాత్రం ఒక్క పేజీ ముట్టను. నాకు తెలిసిన మానిటర్ చప్పుడు అందులో వినబడుతుంది. మేస్టారు చెప్పిన విఘ్నం ఇదేనేమో.

కోవిడ్ మొదటి నెలల మీద 2021లో ఒక పరిశోధన వచ్చింది, 310 మందిని అడిగారు. హారర్ సినిమాలు ఇష్టపడేవాళ్ళకి ఆ రోజుల్లో మానసికంగా బాధ కాస్త తక్కువగా ఉందని తేలింది. భయం కథలు వాళ్ళని గట్టిపరిచాయా, గట్టివాళ్ళే వాటి జోలికి పోతారా అన్నది ఆ లెక్క తేల్చదు. మా వార్డులో హారర్ పిచ్చి ఉన్నవాళ్ళలో నాతో సహా ఎవరూ ప్రత్యేకంగా ధైర్యవంతులేం కారు. బల్లి కనబడితే ఒక్కరూ నిలబడరు.

గొంతు అరువిచ్చేవాడు:

కుండబద్దలు గారూ, మీ ఉత్తరాల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ కథ అడుగడుగునా ఏం చేస్తుందో గమనించండి. పిల్లలు రాళ్ళు ఏరుతున్నారని మొదట్లోనే చెబుతుంది, ఎందుకో చెప్పదు. పాఠకుడు ఆ రాళ్ళు జేబులో వేసుకుని చివరిదాకా నడుస్తాడు. చావు ఉన్నది ఆఖరి రెండు మూడు వాక్యాల్లోనే.

కుండబద్దలు:

ఆ రెండు మూడు వాక్యాలు తీసేసి అచ్చువేసుంటే ఒక్క ఉత్తరమైనా వచ్చేదా? మెట్ల దగ్గరే ఆపేసే కథలంటే నాకు ఒళ్ళుమంట. అంత దూరం లాక్కొచ్చాక తలుపు తీసి చూపించాల్సిందే. మీరు గబగబా లాగించేసే ఆ పేజీలు కాస్త నిదానంగా చదవండి, మాలాంటివాళ్ళం కూడా వింటున్నాం.