మిషనరీ శిక్షణకు డబ్బు: దేవుని మీద ఆధారపడుతూ మనుషులను అడగవచ్చా?

ప్రశ్న – ఆవగింజ:

అందరికీ ప్రభువు నామమున వందనములు. నాకు మిషనరీ శిక్షణలో ప్రవేశం దొరికింది. మూడు నెలల తరగతులు, ఆపైన రెండు నెలల క్షేత్ర పరిచర్య ఉంటాయి. రుసుములో మూడో వంతు నా పొదుపులో ఉంది. చేరే నాటికి కనీసం సగం కట్టాలి. నా పిలుపు విషయంలో నాకు సందేహం లేదు, మా పాస్టరుగారు కూడా ప్రార్థించి సమ్మతించారు. అయితే ఉన్న ఉద్యోగం మానేసి, దానికితోడు ఇతరుల దగ్గర చేయి చాపడమేమిటని మా నాన్నగారు బాధపడుతున్నారు. మరోవైపు, నిజమైన విశ్వాసి తన అవసరాన్ని దేవునికి తప్ప ఎవరికీ చెప్పడని సంఘంలో ఒక పెద్దాయన అన్న మాట నన్ను వదలడం లేదు. ఉత్తరం రాసి విశ్వాసులను సహాయం అడిగితే దేవుణ్ణి నమ్మనట్టేనా? అడగకుండా ఉన్నప్పుడు డబ్బు రాకపోతే, నాకు పిలుపే లేదని అనుకోవాలా?

జవాబు – డేరాపని:

సహోదరీ, ఆ పెద్దాయన మనసులో బహుశా మనుషులను డబ్బు అడగకుండా దేవునికే ప్రార్థించి ఇంగ్లండులో అనాథలను పెంచిన జార్జ్ ముల్లర్, అలాగే చైనాలో మిషనరీగా పనిచేసిన హడ్సన్ టేలర్ ఉండి ఉంటారు. కష్టకాలంలో నన్ను నిలబెట్టిన సాక్ష్యాలు వారివి, కాబట్టి వాటిని తేలికచేసి మాట్లాడను. కానీ వారిద్దరూ మీలాగే ఇంకా నేర్చుకునే దశలో ఉన్నప్పుడు ఏం జరిగిందో ఒకసారి చూడండి.

ముల్లర్ జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో వేదాంతం చదువుతుండగా, మిషనరీ కావాలన్న కోరిక విని తండ్రి ఎంతో నొచ్చుకున్నాడు. తండ్రి ఆశించిన దారిలో నడవనప్పుడు ఆయన డబ్బు తీసుకోవడం న్యాయం కాదని ముల్లర్ దాన్ని మానుకున్నాడు. చదువేమో ఇంకా మిగిలే ఉంది. కొద్దికాలానికే, అక్కడికి వచ్చిన కొందరు అమెరికన్ ఆచార్యులకు జర్మన్ భాష నేర్పే పని ఆయనకు దొరికి, ఖర్చులు గడిచాయి. దేవుడు సమకూర్చాడని వినగానే మనకు ఎవరో పంపిన కవరే గుర్తుకొస్తుంది గానీ, ముల్లర్‌కు అది పాఠాలు చెప్పే పనిగా వచ్చింది.

టేలర్ 1851లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో ఒక వైద్యుని దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. జీతం సంగతి మరచిపోతే గుర్తుచేయమని ఆ వైద్యుడే చెప్పినా, చైనాకు వెళ్లాక దేవుణ్ణి తప్ప ఎవరినీ అడగలేనని, ఇక్కడే అది అలవాటు కావాలని ఆయన నోరు తెరవకుండా ప్రార్థించేవాడు. అలాంటి రోజుల్లో ఒక రాత్రి, చేతిలో రెండున్నర షిల్లింగుల నాణెం ఒక్కటే మిగిలి ఉండగా, చావుబతుకుల్లో ఉన్న ఒక తల్లి కోసం ప్రార్థించడానికి ఒక బీద ఇంటికి వెళ్లాడు. అదే చిల్లరగా ఉంటే అందులో ఒక షిల్లింగు ఇచ్చేవాణ్ణే అనుకుంటూ చాలాసేపు పెనుగులాడి, చివరికి నాణెమంతా ఇచ్చేశాడు. మరునాడు తపాలాలో, ఎవరు పంపారో తెలియకుండా, పది షిల్లింగుల బంగారు నాణెం వచ్చింది. అందరూ ఆ నాలుగింతల సంగతే చెబుతారు. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ పెనుగులాటే: పరలోకపు తండ్రిని నమ్మమని ఆ కుటుంబానికి చెబుతూ, తాను మాత్రం జేబులోని నాణేన్ని నమ్ముకున్నానని ఆయన గ్రహించాడు.

అయితే ఆ మౌనం టేలర్ తనకు తాను పెట్టుకున్న పరీక్ష. లేఖనాలు దాన్ని అందరికీ ఆజ్ఞగా పెట్టలేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు, ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని పుచ్చుకున్నాడు, స్పెయినుకు వెళ్లేటప్పుడు తనను సాగనంపుతారని ఎదురుచూస్తున్నట్టు రోమీయులకు ముందుగానే రాశాడు. యెరూషలేము గోడలు తిరిగి కట్టాలనుకున్న నెహెమ్యా, పారసీక రాజు ఎదుట నిలబడి దేవునికి ప్రార్థించి, ఆ వెంటనే రాజునే అడిగాడు. గుమ్మాలకు కావలసిన కలప సంగతి కూడా దాచలేదు. కాబట్టి నిస్సంకోచంగా ఉత్తరం రాయండి. రాసేముందు ఒక్కటి పరీక్షించుకోండి: జవాబు ఇవ్వనివారి మీద కోపం వచ్చేలా ఉంటే, మీ ఆధారం అప్పటికే దేవుణ్ణి విడిచి వారి మీదికి జరిగింది.

జవాబు – కానుకలపెట్టె:

నేను సంఘంలో లెక్కలు చూసేవాణ్ణి, అందుచేత ఆ వైపు నుంచే చెబుతాను. మొత్తం ఎంత, మీ దగ్గర ఎంత ఉంది, ఎప్పటిలోగా ఎంత కావాలి అన్నది ఉత్తరంలో తేటగా రాయండి. ప్రార్థించమని మాత్రమే రాసి, డబ్బు అడుగుతున్నట్టు వారే అర్థం చేసుకోవాలని ఆశించకండి. సూటిగా అడగడం కన్నా అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కానుకలు సంఘం ద్వారానో, నేరుగా శిక్షణ సంస్థకో చేరేలా చూడండి. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం పోగైన చందా విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో చదవండి. అప్పు మాత్రం చేయకండి. శిక్షణ తర్వాత కూడా చాలామందికి నెలజీతం ఉండదు కాబట్టి, ఆ అప్పు మీకన్నా ముందే పరిచర్య క్షేత్రానికి చేరి కూర్చుంటుంది.

జవాబు – గువ్వ:

మీ రెండో ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. నా విషయంలో గడువుకు డబ్బు రాలేదు. పిలుపే లేదేమోనని చాలా రాత్రులు ఏడ్చాను. శిక్షణ ఇచ్చేవారు మరుసటి ఏడాది రమ్మన్నారు. ఆ ఏడాదంతా పనిచేసుకుంటూ సండే స్కూలు పిల్లలకు బోధించాను, ఆ తర్వాతే వెళ్లగలిగాను. దేవుడే ఆపాడో, నేనే ఆలస్యంగా అడిగానో ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఆ రోజుల్లో ఏలీయా ప్రవక్త గురించి చదివి ఆదరణ పొందాను. కెరీతు వాగు ఎండిపోయినప్పుడు ఆయన పిలుపు ఎండిపోలేదు. దేవుడు సారెపతుకు పొమ్మన్నాడు. వాగు దగ్గర కాకోలములు, అంటే కాకులు, ఆయన అడగకుండానే ఆహారం తెచ్చాయి. సారెపతులో మాత్రం, తానే ఆకలితో ఉన్న ఒక విధవరాలిని ఆయన నోరు తెరిచి నీళ్లూ రొట్టెముక్కా అడగవలసి వచ్చింది. రెండు చోట్లా పోషించినది దేవుడే.

ఆవగింజ:

మీ అందరికీ కృతజ్ఞతలు. కోపం గురించిన మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే సహాయం చేస్తామని చెప్పి మౌనంగా ఉండిపోయిన ఇద్దరి మీద నాకు ఇప్పటికే కోపం ఉంది. ఉత్తరం కన్నా ముందు ఆ సంగతి ప్రార్థనలో పెట్టుకుంటాను. గడువుకు సగం పోగవకపోతే తర్వాతి తరగతిలో చేర్చుకుంటారేమో శిక్షణ సంస్థను ఇప్పుడే అడుగుతాను; అప్పు చేయను. లెక్క రాసిన కాగితాన్ని ఈ రాత్రి మొదట నాన్నగారికి చూపిస్తాను. ఇంతవరకు ఆయనకు నేను పిలుపు గురించే చెప్పాను గానీ, లెక్క ఎన్నడూ చెప్పలేదు.