పదిహేనేళ్ల అమ్మాయితో ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ చూడొచ్చా?

శ్యామల_నెల్లూరు: మా అమ్మాయి పుస్తకం చదివేసింది. ఇప్పుడు 2014లో వచ్చిన సినిమా కలిసి చూద్దామని ఒకటే గొడవ. మామూలుగా అయితే ఇంత ఆలోచించను. మా మరిది కొడుక్కి పోయినేడు మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో అయ్యాయి, ఇప్పుడు బానే ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే ఈడు, కలిసి పెరిగారు. సినిమాలో అబ్బాయికీ అదే జబ్బట కదా? చూసినవాళ్లు చెప్పండి.

గోదారోడు: కర్చీఫ్ సరిపోదండీ, తువ్వాలు పెట్టుకోండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్: అదే జబ్బు, ఆస్టియోసార్కోమా. ఎదిగే వయసు పిల్లల్లో ఎక్కువ, అదీ చాలావరకు మోకాలి చుట్టుపక్కలే. సినిమాలో ఆ అబ్బాయి గస్‌కి కాలు తీసేసి ఉంటారు. ఇప్పుడు చాలామందికి కాలు తీయకుండానే, పాడైన ఎముక వరకు తీసేసి లోహపు ఇంప్లాంట్ వేస్తున్నారు. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి. లేకపోతే తెరమీద జరిగిందే తమ్ముడికీ జరుగుతుందని బెంగ పెట్టుకుంటుంది.

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లేదాకా హాయిగానే నడుస్తుంది. జబ్బు తిరగబెట్టిందని అక్కడ గస్ చెప్పిన దగ్గర్నుంచే కష్టం. రాత్రిపూట పెట్రోల్ బంకు దగ్గర కారులో ఒక్కడే కూర్చుని, తను ప్రేమించిన హేజెల్‌కి (ఆ పిల్లకీ క్యాన్సరే) ఫోన్ చేస్తాడు. సిగరెట్ ప్యాకెట్ ఒకటి సొంతంగా కొనుక్కుందామని వచ్చాడు, అంతే (అది వెలిగించేది కూడా లేదు, నోట్లో ఊరికే పెట్టుకుంటాడు). అదీ చేతకాలేదని ఏడుస్తాడు. రోజూ వార్డులో ఇలాంటివి చూసే నేనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ: పిల్లలు ఆ జంట కోసం ఏడుస్తారు, మనం వాళ్లమ్మ కోసం. హేజెల్ చిన్నప్పుడు ఐసీయూలో ఉండగా, ఇక తను అమ్మగా ఉండలేనేమోనని తల్లి కుమిలిపోతుంది. పిల్ల అది వినేస్తుంది, మనసులో పెట్టుకుంటుంది. చివర్లో ఆ తల్లి చాటుగా సోషల్ వర్క్ కోర్సు చేస్తోందని బయటపడుతుంది. కోపం తెచ్చుకోవాల్సింది పోయి ఆ పిల్ల మురిసిపోతుంది, తను లేకపోయినా అమ్మకి ఒక దారి ఉందని. తల్లి వేషం వేసిన లారా డెర్న్ మొహం చూడాలి అప్పుడు.

పాత_రీలు: మనకి 1989లోనే ‘గీతాంజలి’ ఉందండోయ్. నాగార్జునకి బ్లడ్ క్యాన్సర్, గిరిజకి గుండె జబ్బు. మణిరత్నం మాత్రం చావు చూపించకుండా వదిలేశాడు. అందుకే మా అమ్మ టీవీలో ఎప్పుడొచ్చినా కూర్చుంటుంది. దీన్ని రెండోసారి చూసే ధైర్యం నాకు లేదు.

మన్నీ_అభిమాని: ‘దిల్ బేచారా’ ఇదే కథ, జంషెడ్‌పూర్‌లో పెట్టి తీశారు. 2020 జులైలో వచ్చింది. అందులో హీరో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయి అప్పటికి నెల దాటిందంతే. బతికుండగానే తన గురించి సంతాపం చదివించుకునే సీనులో నేను కథ చూస్తున్నానో, అతన్ని చూస్తున్నానో అర్థం కాలేదు.

ముక్కుసూటి: నాకు ఎక్కలేదు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తప్ప హీరోయిన్ మొహంలో జబ్బు ఛాయలే లేవు. మన దగ్గరైతే సగం సినిమా ఆరోగ్యశ్రీ కార్డు, స్కాన్ రిపోర్టులు, అప్పులకే సరిపోతుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్: డబ్బు మాట నిజమే. కానీ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ (నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన అమ్మాయి) ఇంట్లో మెట్లెక్కేటప్పుడు ఆ పిల్ల ఆయాసం చూశారా? అందులో వంక పెట్టలేం. శ్యామల గారూ, అసలు బాబుని అడిగారా?

శ్యామల_నెల్లూరు: ఇవాళ అడిగాను. “కీమోలో ఉన్నప్పుడే ఫోన్‌లో చూసేశా పెద్దమ్మా” అన్నాడు! గస్ కన్నా అతని స్నేహితుడు ఐజాక్ నచ్చాడట, కోపమొస్తే ట్రోఫీలు పగలగొడతాడు కాబట్టి. బంకు సీను మాత్రం దాటించేశాడట. ఆదివారం మా ఇంటికొస్తున్నాడు, ముగ్గురం చూస్తాం. మరిదికి ఇంకా చెప్పలేదు, వింటే గొడవ చేస్తాడు.

గోదారోడు: ఆయన్ని ఏదో పని మీద బజారుకి పంపేయండి. సినిమా రెండు గంటల పైనే, లిస్టు పెద్దది రాయండి.