ప్రేమగా చేసిచ్చారు సరే, వాడొచ్చా?

కొర్లగుంట కోడలు:
మా ఆడబిడ్డ మా పెళ్లిరోజుకి ఒక సీసా ఇచ్చింది. పచ్చి తెల్లగడ్డలు ఒలిచి, శెనక్కాయ నూనెలో ముంచి, మూతకు రిబ్బన్ కట్టి మరీ. పొయ్యి పక్కన అరలోనే మూడు వారాలుంది. నిన్న మూత తీస్తే కమ్మటి వాసనే, కానీ ఆఫీసులో ఒకామె విని పారబొయ్యమంది. ఎవరికైనా తెలుసా? శనివారం తను ఇంటికొస్తోంది, సీసా ఏదని అడుగుతుంది, అసలు టెన్షన్ అదీ.

పలమనేరు మామిడి:
మా అవ్వ ఆవకాయ రెండేళ్లుంటుంది, అందులోనూ తెల్లగడ్డలే కదమ్మా. ఎవరికీ ఏం కాలేదు.

ల్యాబ్ కోటు:
అన్నా, ఆవకాయలో ఉప్పుంది, మామిడికాయ పులుపుంది. ఈ సీసాలో రెండూ లేవు. తెల్లగడ్డ మట్టిలో పెరిగేది, ఆ మట్టిలో బొటులినం అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి, ఉంటాయి, నూనెలో మునిగితే గాలి తగలదు, ఇక మన తిరుపతి ఎండ సంగతి చెప్పేదేముంది, దానికి పండగే. పీహెచ్ 4.6 కన్నా తక్కువుంటే, అంటే బాగా పుల్లగా ఉంటే అది పెరగదు. పెరిగితే విషం తయారుచేస్తుంది, ఆ విషానికి వాసనా రుచీ ఉండవు కాబట్టి కమ్మగా ఉందని నమ్మడానికి లేదు. 1985లో కెనడా వాంకూవర్‌లో బయట ఉంచేసిన ఇలాంటి తెల్లగడ్డ నూనెతోనే ఒక హోటల్లో తిన్న 36 మంది జబ్బున పడ్డారు. చూపు రెండుగా కనబడటం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఆలస్యమైతే ఊపిరే ఆడదు. రుచి కూడా చూడకుండా పారేయండి చెల్లీ. చేసుకోవాలనిపిస్తే కొంచెమే చేసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో అవగొట్టండి.

కట్టమంచి అమ్మ:
మాకు తేనెతో ఇదే. తేనెలో నానబెట్టిన ఉసిరికాయలు మా పెద్దత్త పంపింది, ఎనిమిదో నెల పాపకి వేలితో నాకించబోతుంటే డాక్టరమ్మ మాట గుర్తొచ్చి ఆగాను. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దందామె. మనకేం కాదు గానీ తేనెలో ఉండే ఆ స్పోర్లు పసిపిల్లల పేగుల్లో మొలుస్తాయంట, కాచినా చావవంట. అత్త మాత్రం రెండు నెలలు మాట్లాడలేదు.

అలిపిరి మెట్లు:
నాకు సబ్బు. ఫ్రెండ్ ఇంట్లో చేసింది, చూడ్డానికి గులాబీ రేకులతో భలే ఉంది, రెండు స్నానాలకే చేతులు కాలినట్టు ఎర్రబడ్డాయి. కాస్టిక్ సోడా కొలత తప్పిందంట. ఎక్కువ పడితే ఎన్ని వారాలు ఆరబెట్టినా అది మిగిలే ఉంటుంది.

పలమనేరు మామిడి:
సరే, ఒప్పుకున్నా. పారబొయ్యమ్మా.

కొర్లగుంట కోడలు:
పారబోశాను. శనివారం తనకి ఉన్నదున్నట్టు చెప్పేశా. కోప్పడుతుందనుకుంటే మొహం పాలిపోయింది, ఇంకో అయిదు సీసాలు పంచిందంట! కూర్చుని వరసగా ఫోన్లు చేసింది. చివరి సీసా వాళ్లమ్మకి, అంటే మా అత్తకి. ఆ ఫోను మాత్రం నన్ను చెయ్యమంటోంది.