ఊలు నుంచి దారానికి మారితే చేతులు మొరాయిస్తున్నాయి

ప్రశ్న: రెండేళ్లుగా ఊలుతో క్రోషా అల్లుతున్నాను, 5 ఎంఎం సూదితో శాలువాలు, టోపీలు బాగానే వచ్చాయి. ఇప్పుడు టేబుల్ మీదికి డాయిలీ (లేసులాంటి చిన్న అలంకరణ గుడ్డ) అల్లుదామని 10 నంబరు కాటన్ దారం, సన్న స్టీలు సూది తీసుకుంటే మొదటి వరుసకే వేళ్లు పట్టేశాయి, కుట్లు కూడా కనపడట్లేదు. నా తప్పెక్కడ?

జవాబు 1: తప్పేం లేదండీ. ఊలు సాగుతుంది కాబట్టి కుట్టు కాస్త బిగిసినా సర్దుకుంటుంది, కాటన్ దారం సాగదు, అందుకే మీరెంత బిగిస్తే అంత మొండికేస్తుంది. దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు ఎక్కువ చుట్టుకోండి, జారకుండా ఆగుతుంది, అప్పుడు సూదిని పిడికిలి బిగించి పట్టుకోవాల్సిన పని ఉండదు. లేత రంగుతో మొదలుపెట్టండి, నలుపు జోలికి మాత్రం వెళ్లొద్దు!

జవాబు 2: దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, 20 కొన్నారంటే ఇంకా కష్టం. నేనైతే ముందు 3 నంబరు దారంతో చెయ్యి అలవాటు చేసుకున్నా. డాయిలీ మొదట్లో ముడతలు పడి చెత్తగానే కనిపిస్తుంది, విప్పేయకండి, తడిపి, పిన్నులతో లాగి పరిచి ఆరబెడితే ఆకారం వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నిన్న రెండుసార్లు విప్పేశాను!