డ్రమ్ జర్నీలో తిరుగు పిలుపు వాయించినా తేరుకోనివాళ్లకి ఏం చేయాలి?

షామన్ (ఆత్మలతో మాట్లాడతారని నమ్మే మంత్రవైద్యుల) పద్ధతిలో డ్రమ్ జర్నీ, అంటే ఒకే లయలో డ్రమ్ము వింటూ కళ్లు మూసుకుని ధ్యానం లాంటి స్థితిలోకి వెళ్లడం, నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నిమిషానికి 205–220 దెబ్బలు, 15 నిమిషాలు ఒకే వేగం. తర్వాత ఆ స్థితి నుంచి వెనక్కి రప్పించే తిరుగు పిలుపు: ఏడేసి దెబ్బలు నాలుగు విడతలు, అర నిమిషం బాగా జోరుగా, చివర మళ్లీ ఏడేసి నాలుగు విడతలు. ఇదీ క్రమం. చాలామంది దీంతో వెనక్కి వచ్చేస్తారు. ఒకరిద్దరికి మాత్రం కళ్లు తెరిచినా చూపు ఎటో ఉంటుంది, చేతులు చల్లబడి మాట ముద్దగా వస్తుంది. పాదాలు నేలకి గట్టిగా ఆనించమని, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పించి, నీళ్లు తాగిస్తే కొంత నయం. ఆ స్థితిలో పిలుపు ఇంకోసారి వాయించొచ్చా, లేక మళ్లీ లోపలికి లాగుతుందా?

అసలు అనుమానం డ్రమ్ము మీదే. తేమకి తోలు వదులై శబ్దం బొంగురుపోతోంది, దాంతో చెయ్యి తెలీకుండానే నెమ్మదిస్తుంది, విడతల మధ్య తేడా చెవికి అందదు. హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టి తిప్పుతూ ఉంటే బిగుస్తుంది గానీ, ఒకేచోట కాగితే తోలు చీలుతుంది. సింథటిక్ తోలుకి మారడమే మేలా? దాని మోత మరీ పొడిగా ఉంటుంది.

మూర్ఛ, సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి) ఉన్నవాళ్లని ముందే అడిగి పక్కన పెడుతున్నాం కాబట్టి ఆ సలహా అక్కర్లేదు. ఇంకేం అడగాలో చెప్పండి.