న్యూవ్ షాపెల్, 1915: గుండ్లు చాలలేదా, ఆజ్ఞలు అందలేదా?

పాతపటాలు:
మొదటి ప్రపంచ యుద్ధంలో, ఉత్తర ఫ్రాన్స్‌లో జర్మన్లు కోటలా మార్చుకున్న న్యూవ్ షాపెల్ గ్రామం మీద 1915 మార్చి 10న బ్రిటిష్ సైన్యం చేసిన దాడి గుండ్ల కొరత వల్లే ఆగిపోయిందని చాలామంది రాస్తుంటారు. నాకైతే ఆ మాట మింగుడు పడదు. ఉదయం 7.30కి ఫిరంగులు మొదలై 35 నిమిషాలు కొట్టాయి. 8.05కి పదాతి దళం లేచింది. కుడివైపు భారత సైన్యపు మీరట్ డివిజన్‌లోని గఢ్వాల్ బ్రిగేడ్, ఎడమవైపు బ్రిటిష్ 8వ డివిజన్. పది కొట్టకముందే ఊరు చేతికొచ్చింది! ఆ తర్వాత గంటల తరబడి అక్కడే కూర్చోబెట్టారు. ముందుకు కదిలేసరికి పొద్దుగూకింది. ఊరి వెనకున్న ఓబేర్ గుట్ట ఎక్కడం అసలు లక్ష్యం, దాని దరిదాపులకు కూడా పోలేదు. తప్పు ఫిరంగులదా, పైవాళ్లదా?

గోదారిగట్టు:
పాతపటాలు గారూ, ఊరు అంత తేలిగ్గా పడిందని మీరే అంటున్నారు. ఎందుకు పడింది? ఆ నేల తవ్వితే నీళ్లు ఊరుతాయి. అందుకే జర్మన్లు లోతైన కందకాలకు బదులు మట్టి, ఇసుక బస్తాలతో గోడలు కట్టుకున్నారు. సరిగ్గా గుండు పడ్డచోట అవి కూలాయి. పడనిచోట ఏమైందో కూడా చెప్పాలి కదా. ఎడమ చివర 8వ డివిజన్‌లోని 23వ బ్రిగేడ్ ఎదుట కొట్టాల్సిన హోవిట్జర్లు (గుండును ఎత్తుగా విసిరే ఫిరంగులు) ముందు రోజు రాత్రికి గానీ చేరలేదు, గురి సరిచూసుకునే వ్యవధే లేదు. ముళ్లకంచె చెక్కుచెదరలేదు. మిడిల్‌సెక్స్, స్కాటిష్ రైఫిల్స్ బెటాలియన్లు దాని ముందే నేలకొరిగాయి. కుడి చివర 39వ గఢ్వాల్ మొదటి బెటాలియన్ దారితప్పి, గుండ్లు పడని కందకం మీదికి పోయింది. అక్కడా అదే కథ.

సిపాయిమనవడు:
జనరళ్ల సంగతి సరే, ఊళ్లోకి దూరినవాళ్ల గురించి ఒక్క ముక్క. 39వ గఢ్వాల్ రెండో బెటాలియన్ సిపాయి గబ్బర్ సింగ్ నేగీ బాయొనెట్ దళంలో ఉన్నాడు. కందకంలో ప్రతి మలుపూ ముందు తనే తిరిగాడు. నాయకుడు పడిపోయాక తనే నడిపించాడు, చివరికి చనిపోయాడు. మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ మూడు రోజుల్లో ఇండియన్ కోర్ (భారత డివిజన్లు కలిసిన పెద్ద దళం) నష్టం నాలుగు వేల మందిని దాటింది. ఎవరి తప్పయినా మూల్యం చెల్లించింది మాత్రం వీళ్లే.

పాతపటాలు:
గోదారిగట్టు గారూ, చివర్ల గురించి మీరు చెప్పింది నిజం. నేనడుగుతున్నది నడిమి భాగం. అక్కడ దారి తెరుచుకుంది. టెలిఫోన్ తీగలు తెగిపోయాయి, కబురు మనుషుల చేత పంపాలి. పక్కలు భద్రమయ్యేదాకా ఆగండని బ్రిటిష్ కోర్ కమాండర్ రాలిన్‌సన్ పట్టుబట్టాడు. ఈలోగా జర్మన్లు కొత్త వరుస తవ్వుకుని, 12న ఎదురుదాడికి దిగారు. ఇదే ఊళ్లో 1914 అక్టోబర్ 28న 47వ సిక్కులు, సాపర్లు (సైన్యపు ఇంజనీరింగ్ దళం) ఇల్లిల్లూ పోరాడి లోపలికి చేరారు. వెనకనుంచి సాయం రాక తిరిగొచ్చేశారు. అయిదు నెలల్లో నేర్చుకున్నది ఏమిటి?

గోదారిగట్టు:
నడిమి భాగంలోనూ ఖాళీ మైదానం లేదండీ. దాదాపు కిలోమీటరు వెనక మెషిన్‌గన్ స్థావరాలు ముందే కట్టి ఉంచారు. వాటి మీదికి గుండ్లు లేకుండా పంపితే ఇంకో 23వ బ్రిగేడ్ అయ్యేది. మే 9న ఓబేర్ గుట్ట మీద మళ్లీ ప్రయత్నించారు. జర్మన్లు గోడలు మందంగా కట్టుకున్నారు, 40 నిమిషాల ఫిరంగి దాడి వాటికి ఆనలేదు. ఒక్కరోజులో 11 వేల మంది పోవడమో గాయపడడమో జరిగింది. అక్కడ కబుర్లు ఆలస్యమైనందుకా ఓడింది? తీగలు తెగితే కోర్ కమాండర్ ఏం చేయాలో మీరే చెప్పండి.

పాతపటాలు:
ముందు రోజే చెప్పి ఉంచాలి. ఎదుట కాల్పులు లేకపోతే నా ఆజ్ఞ కోసం చూడకుండా కదలండి, ఉంటే ఆగండి అని. మెషిన్‌గన్ ఎదురుగా ఉందో లేదో తెలిసేది ఆ ఊరి అంచున నిలబడ్డ బ్రిగేడియర్‌కే, అయిదు మైళ్ల వెనకున్నవాళ్లకు కాదు. మే సంగతి వేరే చర్చ పెడతాను, అక్కడ మీ వాదనే బలంగా ఉంది.