అరుదైన పాత కారుకి స్పెషలిస్టే కావాలా, ఆటోనగర్ మేస్త్రీ చాలడా?

బెజవాడ హెరాల్డ్:
మా ఇంట్లో 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3 ఉంది. నాలుగు తలుపుల బండి, నాన్నగారు కొన్నది. రెండేళ్ల క్రితం పాత కార్లకి బాగా పేరున్న ఒక గ్యారేజీకి, వేరే ఊరైనా సరే అని, లారీ ఎక్కించి పంపాను. పదకొండు నెలలు ఉంచుకున్నారు. పెయింటు అద్దంలా వచ్చింది. ఇంటికొచ్చిన నాలుగో నెలలో సందు మలుపు తిప్పుతుంటే కుడివైపు ముందు చక్రం బండి కిందికి మడుచుకుపోయింది. స్పీడు పది కూడా లేదు. పక్కన అమ్మ కూర్చుని ఉంది. అదే హైవే మీదైతే అన్న ఆలోచనకే ఇప్పటికీ నిద్ర పట్టదు.

విప్పి చూస్తే చక్రాన్ని మోసే వర్టికల్ లింక్ కింది మరల దగ్గర విరిగింది. ఆ మరలు ట్రన్నియన్ అనే ఇత్తడి దిమ్మలో తిరుగుతాయి. అందులోకి ఎక్కించాల్సింది 90 నంబరు గేర్ ఆయిల్. వాళ్లు గ్రీజు కొట్టారు. గ్రీజు గట్టిపడితే కింది దాకా దిగదు, నీళ్లు చేరి మరలు తుప్పు పడతాయి. విరిగిన ముఖం మీద సగం నల్లగా ఉంది, సగం తెల్లగా మెరుస్తోంది. నలుపు పాత చీలిక, తెలుపు ఆ రోజు విరిగినది. అంటే ఎప్పటినుంచో చీలుతూనే ఉంది. పదకొండు నెలల్లో ఒక్కరూ విప్పి చూడలేదు.

అందుకే అంటున్నా, స్పెషలిస్టు అన్న బోర్డు చూసి దూరం పంపే కన్నా కళ్లముందు పనిచేసే ఆటోనగర్ మేస్త్రీయే నయం. మీరేమంటారు?

హైదరాబాద్ ఫియట్:
మీకు జరిగింది చదివి చాలా బాధ వేసింది అన్నా. కానీ మీ మాట ఒప్పుకోలేను. నాది 1967 ఫియట్ డిలైట్. ఇరవై ఏళ్లుగా మా ఇంటి బండ్లన్నీ చూసిన మేస్త్రీకే ఇచ్చాను. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నా ఇంజిన్ తీసేసి మారుతి వ్యాన్ ఇంజిన్ బిగించేశాడు. "పార్టులు దొరకవు సార్, ఇక హాయిగా తిరగండి" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు, నా మంచికే చేశాననుకున్నాడు. పాత ఇంజిన్ ఏదంటే స్క్రాప్‌కి వెళ్లిపోయిందన్నాడు.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అని వస్తుంది. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నా బండికి ఆ దారి మూసుకుపోయింది. మీ గ్యారేజీ చేసింది నిర్లక్ష్యం. కానీ మీ పార్టు మళ్లీ కొనుక్కోవచ్చు, నా ఇంజిన్ మళ్లీ రాదు.

మేస్త్రీ గారబ్బాయి:
ఇద్దరూ మేస్త్రీ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అటువైపు మాట కూడా వినండి. మా నాన్న నలభై ఏళ్లు ఈ పని చేశారు. పాత కారు షెడ్డులోకి వస్తే నెలల తరబడి ఒక బే, అంటే బండి పెట్టి పనిచేసే చోటు, ఆగిపోతుంది. ఆ చోటులో రోజుకి రెండు స్విఫ్టులు సర్వీసు చేసుకోవచ్చు. తుప్పు పట్టిన ఒక్క బోల్టు పూట తినేస్తుంది. "బోల్టు విప్పడానికి ఇంత కూలీనా" అని ఓనరు బేరమాడతాడు. మేస్త్రీ ఇంకేం చేస్తాడు? పెయింటు మీద శ్రద్ధ పెడతాడు, ఎందుకంటే ఓనరు చూసేది, డబ్బిచ్చేది దానికే. లోపల విప్పి చూసిన పనికి కూడా గంటల లెక్కన కూలీ ఇస్తామని ముందే చెప్పండి. అప్పుడు మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

ఇంకోటి. హెరాల్డ్‌వి ఇంచు నట్లు. అర అంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే మూలలు గుండ్రం అయిపోతాయి. షెడ్డుకి వెళ్లగానే ఇంచు పానాల సెట్టు చూపించమనండి. లేదంటే బండి వెనక్కి తిప్పేయండి, అతను ఎంత మంచివాడైనా సరే.

చెన్నై నుంచి:
ఈ బండి మా ఊళ్లోనే తయారైంది కాబట్టి నాలుగు మాటలు. హెరాల్డ్ అసలు ఇంగ్లండ్ బండి, ట్రయంఫ్ వాళ్లది. ఇక్కడ స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసింది. అక్కడ వాళ్ల స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్‌కీ ఇదే తరహా ముందు సస్పెన్షన్. అందుకే ట్రన్నియన్లు, లింకులు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. కుడి ఎడమలకి మరలు ఎదురెదురుగా ఉంటాయి, ఆర్డరు పెట్టేటప్పుడు జాగ్రత్త. లేత్ మీద చేయించేద్దాం అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు. అది ఫోర్జింగ్ చేసిన, అంటే కాల్చి అదిమి మలిచిన ఉక్కు, మామూలు రాడ్డు చెక్కి పెడితే మళ్లీ విరుగుతుంది.

నేను కొత్త మెకానిక్‌ని అడిగేది ఒక్కటే. ఇంజిన్ ఆపి, ఒకరు క్లచ్ తొక్కుతుంటే మరొకరు ఇంజిన్ ముందువైపు ఉండే క్రాంక్ పుల్లీ చూడాలి. పుల్లీ కంటికి కనపడేలా ముందుకీ వెనక్కీ కదిలితే లోపల క్రాంక్‌ని అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయని అర్థం. పట్టించుకోకపోతే అవి ఊడి కింద పడతాయి, క్రాంక్ బ్లాకునే తినేస్తుంది. ఈ ఇంజిన్ తెలిసినవాడు నేను అడగకముందే ఈ పరీక్ష చేస్తాడు. తెలియనివాడు "తెలీదు, చూపించండి" అంటే అతనికీ ఇస్తాను. "అవన్నీ మాకు మామూలే" అన్నవాడికి మాత్రం ఇవ్వను.

హైదరాబాద్ ఫియట్:
ఈ మాట నాకు నచ్చింది. మా మేస్త్రీ ఇంజిన్ మార్చేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే చాలు. తీసిన పార్టు ఏదైనా సరే నాకే ఇవ్వాలని ఇప్పుడు కాగితం మీద రాయించుకుంటున్నాను. అయినా దగ్గరివాడు కదా అని నమ్మి వదిలేయడం తప్పే అంటాను.

బెజవాడ హెరాల్డ్:
అందరికీ థ్యాంక్స్. ఊరు, బోర్డు చూసి తేల్చడం నా పొరపాటు. నిన్న ఆటోనగర్‌లో ముగ్గురిని కలిశాను. ఇద్దరు లేత్ మాటే ఎత్తారు. మూడో ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఇంచు పానాలు గోనెసంచిలోంచి తీసి చూపించారు. ట్రన్నియన్‌లో ఏం పోస్తారని అడిగితే, "హెరాల్డ్ పట్టుకుని ముప్ఫై ఏళ్లయింది బాబూ, గుర్తులేదు. పుస్తకం ఉంటే తెచ్చి చదివి చెప్పు" అన్నారు. రాత్రి కూర్చుని మాన్యువల్‌లో ముందు సస్పెన్షన్ పేజీలు తెలుగులో రాసుకున్నాను. కూలీ గంటల లెక్కనే మాట్లాడుకున్నాం. ఆదివారం ముందువైపు ఎడమ చక్రం విప్పుతున్నాం, విరగని వైపు మరలు ఎలా ఉన్నాయో చూడాలి. ఫోటోలు ఇక్కడే పెడతాను.